పిట్ట మీద అద్దాస్త్రం

ఉర్లాలో కిటికీ అద్దాలు తుడిచేవాళ్ల మీద కేసు పెట్టాలి. మొదటి ముద్దాయిని నేనే. రెండో ముద్దాయి మా ఆవిడ. తుడిచింది ఆవిడే గానీ, కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ “అదిగో, ఆ మూల ఇంకా నల్లగానే ఉంది” అని వేలు చూపించింది నేను. చేసినవాళ్ల కన్నా చేయించినవాళ్లదే పెద్ద తప్పంటారు కాబట్టి నా పేరు ముందు రాసుకోవచ్చు.

ఉర్లా తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రాయ్‌పూర్‌కి ఉత్తరాన, బీర్‌గావ్‌ని ఆనుకుని, సిల్తరాతో భుజాలు రాసుకుంటూ ఉండే పారిశ్రామిక వాడ ఇది. స్పాంజ్ ఐరన్ బట్టీలు, రోలింగ్ మిల్లులు, ఫెర్రో అల్లాయ్ ఫర్నేసులు. 1931లో పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా పట్టాలు కలిశాయి. ఆ పట్టాల పుణ్యమా అని శ్రీకాకుళం, విజయనగరం మనుషులు ఒక చేత్తో ఆవకాయ జాడీ, ఇంకో చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని ఇటు దిగడం మొదలుపెట్టారు. మేమూ ఆ బాపతే.

ఇక్కడ పొద్దున్నే పేపరు చదవక్కర్లేదు. చెప్పుల్లేకుండా మేడ మీదికి వెళ్లొస్తే చాలు. అరికాలు కాటుకలా ఉంటే రాత్రి బట్టీలు బాగా నడిచాయని, బూడిదరంగులో ఉంటే ఇనుము ధర కాస్త దిగిందని మా లెక్క. ఇనుప ఖనిజాన్నీ బొగ్గునూ కలిపి తిరిగే గొట్టంబట్టీలో కాలిస్తే స్పాంజ్ ఐరన్ వస్తుంది. పొగలోని ధూళిని పట్టడానికి ఈఎస్‌పీ అని ఒక యంత్రం ఉంటుంది. అది నడవాలంటే కరెంటు కావాలి, కరెంటుకి బిల్లు వస్తుంది. రాత్రిపూట దాన్ని ఆపేస్తారని కాలనీ కాలనీ అంతా అంటుంది. అబ్బే, అలాంటిదేం లేదని ఫ్యాక్టరీల వాళ్లంటారు. మా మేడ మీది చీపురు మాత్రం ఎవరి పక్షమూ వహించకుండా పొద్దున్నే దోసెడు నల్లపొడి ఎత్తిపోస్తుంది.

ఈ మసిని ఇన్నేళ్లూ తిట్టిపోశాను. ఇప్పుడు బహిరంగంగా లెంపలేసుకుంటున్నాను. ఉర్లాలో పిట్టల ప్రాణాలు కాపాడుతున్న ఏకైక సంస్థ అదే.

మా ఇంటికి మొన్నమొన్నటిదాకా చెక్క రెక్కల కిటికీలుండేవి. నిలువు కమ్ములు, తిప్పితే కిర్రుమనే గడియ, కింద ఒక మేకు. ఆ మేకుకి గాలి రోజుల్లో తాడు కట్టేవాళ్లం. హైదరాబాదు నుంచి మా బావమరిది వచ్చాడు. వచ్చి, కిటికీని ఒకసారి చూసి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు తల అడ్డంగా ఊపాడు. “ఏంటి బావా, ఇంకా ఇవేనా?” అన్నాడు. ఆ ‘ఇంకా’లో మా వంశగౌరవం ఇంకిపోయింది. వారం తిరిగేసరికి అల్యూమినియం స్లైడింగు వచ్చింది. దానికి నీలిరంగు రిఫ్లెక్టివ్ అద్దం. దాని గొప్పతనం ఏమిటంటే, పగటిపూట బయటివాళ్లకి లోపల ఏముందో కనపడదట. మా హాల్లో ఒక దివాన్ కాట్, ఒక టీవీ, మూల బియ్యం బస్తా, దాని మీద ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు ఉంటాయి. ఇంతటి రహస్యాన్ని ఇన్నేళ్లూ కమ్ముల కిటికీతో ఎలా కాపాడుకొచ్చామో ఇప్పటికీ ఆశ్చర్యమే.

అద్దం పెట్టిన వారానికే దాని మీద ఉర్లా తన సంతకం పెట్టేసింది. పల్చటి నల్లటి పొర. అది అలాగే ఉండి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

మే ఆఖరు. ఛత్తీస్‌గఢ్ వాళ్లు నౌతపా అంటారు, రోహిణి కార్తెలో నిప్పులు చెరిగే తొమ్మిది రోజులు. అమ్మాయిని చూసుకోవడానికి పెళ్లివారు వస్తున్నారు. ఇల్లంతా కడిగాం. కిటికీ అద్దాన్ని మా ఆవిడ ముందు తడిగుడ్డతో, తర్వాత కోలిన్‌తో, ఆ తర్వాత పాత పేపరుతో తుడిచింది. నేను ఆ మూల, ఈ మూల చూపించాను. సాయంత్రానికి అద్దంలో మా వేపచెట్టు మొత్తం కనపడింది. అసలు చెట్టు కన్నా అద్దంలో చెట్టే పచ్చగా ఉంది, ఎందుకంటే అసలు చెట్టుని ఎవరూ కోలిన్ పెట్టి తుడవలేదు.

మర్నాడు తెల్లారుజామున, ఇంకా మసకగా ఉండగానే, ‘ఠప్’ మని చప్పుడు. ఎవరో తడిబట్ట గోడకేసి కొట్టినట్టు.

“ఏటండీ ఆ సప్పుడు?” అంది మా ఆవిడ. మేము ఊరు వదిలి ఎన్నాళ్లయినా, కంగారు పుడితే ఆవిడ నోటెంట శ్రీకాకుళమే వస్తుంది.

వెళ్లి చూస్తే కిటికీ కింద గచ్చు మీద పిట్ట. గుప్పెడు ఉంటుందేమో. ఇన్ని రంగులు ఇంత చిన్న ఒంటి మీద ఎలా పట్టాయో! వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం తునక, పొట్ట గోధుమ పసుపు, కంటి మీదుగా కాటుక చారిక, దాని పైన తెల్లటి కనుబొమ్మ, గొంతు తెలుపు, తోక కింద ఎర్రటి కుంకం మరక. తోక ఉందా లేదా అన్నట్టు పొట్టిగా. ముక్కు కొద్దిగా తెరుచుకుని ఉంది. పొట్ట ఎగిసి పడుతోంది. పైన అద్దం మీద దుమ్మేమీ లేదు కాబట్టి గుర్తేమీ పడలేదు, ఒక చిన్న మెత్తటి ఈక మాత్రం అతుక్కుని గాలికి ఊగుతోంది.

“ఏటి సూస్తన్నారు? నీళ్లు తెండి!” అంది. తెచ్చాను. దూది తడిపి, ముక్కు తెరిచి, చుక్క చుక్కగా గొంతులో పోశాను. చచ్చిపోయేవాళ్ల గొంతులో తులసినీళ్లు పోసిన చేతులు కదా, అలవాటుగా పోశాయి. పిట్ట ఒకసారి తల విదిలించింది. రెండోసారి విదిలించలేదు.

తెలిసినవాళ్లు తర్వాత చెప్పారు. అద్దానికి కొట్టుకుని స్పృహ తప్పిన పిట్ట నోట్లో నీళ్లు పోయకూడదట. అవి ఊపిరిగొట్టంలోకి పోతాయి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టి, మూతపెట్టి, చీకట్లో, చప్పుడు లేనిచోట గంటో రెండు గంటలో వదిలేయాలి. తేరుకుంటే బయటికి తెచ్చి పెట్టె తెరవాలి, అంతే. అంటే ఆ పిట్టని సగం మా అద్దం చంపింది, మిగతా సగం మా జాలి చంపింది.

ఎదురింటి ఛత్తీస్‌గఢీ పెద్దాయన వచ్చి చూసి “అరే, యే తో నౌరంగ్ హై!” అన్నాడు. తొమ్మిది రంగుల పిట్ట. మనవాళ్లు పొన్నంకి పిట్ట అంటారు. చలికాలం దక్షిణాదిలో, శ్రీలంకలో గడిపి, ఎండాకాలం చివర మధ్య భారతం అడవులకీ హిమాలయాల కింది కొండలకీ వచ్చి, వానాకాలంలో గూడు పెడుతుంది. రాత్రిపూట ఎగురుతుంది. ఎగరడంలో పెద్ద గట్టిది కాదు, అలిసిపోయి ఇళ్లలోకి వచ్చి పడిపోవడం దీనికి మామూలే. మా బావమరిది విమానంలో వచ్చి తగిలించిన అద్దానికి ఇది రెక్కలతో వచ్చి తగిలింది.

ఇంకో సంగతి చెప్పాలి, తెలుగువాళ్లు కాస్త నిటారుగా కూర్చోండి. దీని శాస్త్రీయ నామం పిట్టా బ్రాకియూరా. 1816లో వియెయో అనే ఫ్రెంచి పక్షిశాస్త్రవేత్త ఈ ప్రజాతికి పిట్టా అని పేరు పెట్టాడు. ఆ పేరు మన తెలుగు ‘పిట్ట’ నుంచి పోయిందే. ప్రపంచంలో ఏ మూల ఏ శాస్త్రవేత్త ఈ పక్షి గురించి రాసినా మన అమ్మమ్మ మాట రాయక తప్పదు. తెలుగు ప్రాచీన హోదా కోసం ఊరేగింపులు తీశాం, ప్రపంచ మహాసభలు పెట్టాం, శాలువాలు కప్పాం. ఏ ఊరేగింపూ ఏ శాలువా లేకుండా పక్షిశాస్త్రంలోకి ఎక్కి కూర్చున్న తెలుగు మాట ఇది. దాన్ని ఒక తెలుగువాడి కిటికీ చంపింది, వేరే రాష్ట్రం వచ్చి మరీ.

ఇక పరామర్శలు. పెళ్లివారు రాకముందే కాలనీ వచ్చింది.

ఒకాయన వాస్తు అన్నాడు. కిటికీ ఈశాన్యంలో ఉందట. రెండో ఆయన అపశకునం అన్నాడు, పిట్ట తగిలి చచ్చిన ఇంట్లో నలభై రోజులు శుభకార్యం తలపెట్టకూడదన్నాడు. పాపం, వాళ్ల మేనల్లుడిది కూడా సంబంధాల వేటలో ఉన్న జాతకమే. మా ఊరి సిద్ధాంతిగారికి ఫోన్ చేస్తే శాంతికి లిస్టు వాట్సాప్‌లో పంపారు: నవధాన్యాలు, రాగి చెంబు, ధోవతుల చాపు. తొమ్మిది రంగుల పిట్ట కాబట్టి నవగ్రహ శాంతి అని ఆయనకి తట్టింది. ఆ తట్టడంలో కొంత కవిత్వం ఉందని ఒప్పుకోవాలి. ఇంకొకాయన, రిటైరైన సూపర్‌వైజరు, “అంత అద్దం ఎదురుగా కనపడుతుంటే వెళ్లి గుద్దుకుందంటే, దాని కళ్లకి ఏదో అయిందండీ” అని తేల్చేశారు. అంటే తప్పు పిట్టది. దానికి కంటి పరీక్ష చేయించాలి.

ఇంతమంది వచ్చారా, ఒక్కరు కూడా అద్దం వైపు వేలు చూపించలేదు. చూపిస్తే వాళ్ల ఇంటి అద్దం కూడా ముద్దాయి అవుతుంది.

సూపర్‌వైజరు గారి అనుమానానికి జవాబు చెప్పాలి. అద్దం పిట్టకి కనపడదు. అందులో చెట్టు కనపడుతుంది, ఆకాశం కనపడుతుంది. మనకి మాత్రం అద్దం కనపడుతుందా? కనపడదు. చౌకట్టు చూసి, హ్యాండిల్ చూసి, ‘ఇక్కడ తలుపు ఉంటుంది’ అని బడి నుంచీ నేర్చుకున్న చదువుతో ఆగుతాం. ఆ చదువున్నా, షాపింగ్ మాల్ తలుపుకి ముక్కు పగలగొట్టుకున్న పట్టభద్రులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అందుకే కదా మాల్ వాడు మన నుదుటి ఎత్తున ఒక ఎర్ర స్టిక్కరు అతికిస్తాడు! మనిషి ముక్కుకి స్టిక్కరు ఉంది. పిట్ట మెడకి లేదు.

అద్దంతో పిట్టలకి పాత పేచీయే. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో గోడకి వంచి కట్టిన అద్దం ఉండేది. మధ్యాహ్నం పూట పిచ్చుక వచ్చి దాని మీద వాలి, లోపలున్న ఇంకో పిచ్చుకని టక్ టక్ మని పొడిచేది. అమ్మమ్మ విసుక్కుంటూ లేచి, భుజం మీది తుండు తీసి అద్దం మీద కప్పేది. యుద్ధం ఆగిపోయేది. సీలింగ్ ఫ్యాను ఆపేసేది కూడా ఆవిడే, “ముండమోసినది గూడు పెట్టింది, రెక్క తెగుతుందిరా” అని, మేం చెమటతో చస్తున్నా సరే. తాతయ్య ఫొటో వెనక గూడు. తాతయ్య ముఖం మీద రెట్టలు. ఆయన అంతకన్నా పెద్ద అవమానాలు బతికుండగానే చూశాడు కనక ఏమీ అనుకోలేదు.

మొన్న మా ఫ్యాక్టరీ ఆవరణలో ఒక మగ తేనెపిట్ట సాహెబు గారి కారు అద్దంతో మూడు రోజులు కుస్తీ పట్టింది. గూడు పెట్టే కాలంలో మగపిట్టలకి తమ బొమ్మే శత్రువులా కనపడుతుంది. సెక్యూరిటీ వాణ్ణి పిలిచి దాన్ని తరమమన్నారు. వాడు పాలిథీన్ సంచి తెచ్చి అద్దానికి తొడిగాడు. పిట్ట పది నిమిషాలు చుట్టూ తిరిగి, శత్రువు పారిపోయాడని ఖాయం చేసుకుని వెళ్లిపోయింది. వాడికి జీతం పెంచలేదు, కారు అందం పోయిందని తిట్లు పడ్డాయి. తుండు కప్పిన మా అమ్మమ్మ, సంచి తొడిగిన ఆ కుర్రాడు, ఈ దేశంలో ఇద్దరే పక్షి శాస్త్రజ్ఞులు నాకు తెలిసి.

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో ఉంటాడు. వాళ్లింట్లో కిటికీ అంటే గోడకి గోడే అద్దం. చెప్తే నవ్వి, “మా దగ్గర సొల్యూషన్ ఉంది అన్నయ్యా” అని ఫొటో పంపాడు. అద్దం మధ్యలో నల్లటి గద్ద బొమ్మ ఒకటి అతికించాడు. గద్దని చూసి చిన్నపిట్టలు భయపడతాయట. చూడగానే గుర్తుపట్టాను. ఇది మన దిష్టిబొమ్మే! కట్టే ఇంటి ముందు కుండకి సున్నం పూసి మీసాలు దిద్దుతామే, అదే. అక్కడికి వెళ్లి వీసా మార్చుకుంది. ఫలితం కూడా అంతే. కదలని గద్దని పిట్టలు పట్టించుకోవు, దాని రెక్క పక్కనున్న ఖాళీలోంచి దూరబోయి గుద్దుకుంటాయి.

ఆ దేశంలో అద్దాలకి కొట్టుకుని ఏటా ఎన్ని పిట్టలు చస్తాయో 2014లో లెక్క కట్టారు. 36 కోట్ల నుంచి 98 కోట్ల దాకా. ఆకాశహర్మ్యాలదే పాపమని అందరూ అనుకుంటారు గానీ వాటి వాటా ఒక శాతం కూడా లేదు. ఒకటి నుంచి మూడు అంతస్తుల ఇళ్లదే దాదాపు 44 శాతం. మీ ఇంటి లాంటి, మా ఇంటి లాంటి ఇళ్లు. ఒక్కో ఇంట్లో ఏడాదికి ఒకటో రెండో చస్తాయి, వాటిని తెల్లారేలోపు పిల్లి పట్టుకుపోతుంది. అందువల్ల ఎవరి లెక్కలో వాళ్లు అహింసామూర్తులే.

పెద్ద భవనం కథ కూడా ఒకటుంది. షికాగోలో మెకార్మిక్ ప్లేస్ లేక్‌సైడ్ సెంటర్ అని సరస్సు ఒడ్డున అద్దాల మహాసౌధం. అక్కడి ఫీల్డ్ మ్యూజియం వాళ్లు 1978 నుంచి దాని కింద పడిన పిట్టల్ని పొద్దున్నే ఏరుతున్నారు. 2023 అక్టోబర్ 5న, ఒక్క పూటలో, 960కి పైగా ఏరారు. గగ్గోలు పుట్టింది. మరుసటి ఏడాది ఏం చేశారయ్యా అంటే, అద్దాలన్నిటి మీదా చుక్కలు పెట్టారు. చిన్న చిన్న చుక్కలు, వరసగా, సమానమైన ఎడంతో. ఖర్చు 12 లక్షల డాలర్లు, మన లెక్కలో పది కోట్లు. చావులు దాదాపు 95 శాతం తగ్గిపోయాయి.

చుక్కలండీ, చుక్కలు! కందిగింజంత చుక్క, రెండంగుళాల ఎడం, అడ్డంగానూ నిలువుగానూ. అంతకన్నా ఇరుకు సందులోంచి దూరలేనని పిట్టకి తెలుసు, పక్కకి తిరిగిపోతుంది. పదిహేను చుక్కలు పదిహేను వరసలు, సరి చుక్క, బేసి చుక్క, మధ్య చుక్క అని లెక్క తప్పకుండా, వంగిన నడుము ఎత్తకుండా, ధనుర్మాసం నెల పొడుగునా రోడ్డు మీద పెట్టే జాతి మనది. అదే చుక్కని నిలువుగా అద్దం మీద పెట్టమంటే మన చేతులు పడిపోతాయి. రోడ్డు మీదైతే పక్కింటావిడ చూస్తుంది. అద్దం మీదైతే పిట్ట చూస్తుంది, పిట్ట ఫేస్‌బుక్‌లో లైకు కొట్టదు.

ఒక్క మెలిక ఉంది. చుక్క అద్దానికి బయటివైపు పెట్టాలి. లోపలివైపు పెడితే బయటి మెరుపు దాన్ని కప్పేస్తుంది, పిట్టకి కనపడేది మళ్లీ చెట్టే. ఈ మెలిక గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది. చుక్కలు పెట్టే ఓపిక లేకపోతే బయట దోమల జాలి బిగించినా సరిపోతుంది. జాలి అనే మాటకి మనకి రెండు అర్థాలున్నాయి. పిట్ట విషయంలో ఇనుప జాలే పనికొస్తుంది, నా గుండెలోది పనికిరాలేదని పైన చెప్పాను.

చట్టం ఏమంటుందని అడుగుతారేమో. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పిట్టకి వల వేస్తే నేరం, ఉచ్చు పెడితే నేరం, పంజరంలో రామచిలుకని పెడితే నేరం. ఆకాశం బొమ్మని గోడకి తగిలించి అందులోకి పిట్టని రమ్మంటే ఇంటీరియర్ డిజైన్. ఆ రామచిలుక నేరం కూడా మా వీధిలో మూడిళ్లలో ‘మిట్టూ, రామ్ రామ్ బోలో’ అని రోజూ జరుగుతూనే ఉంటుంది. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి అని చెబితే ఒకావిడ మురిసిపోయి, “మన ఊరిదే అన్నమాట!” అని ఇంకో మిరపకాయ పెట్టింది. తెలంగాణ పాలపిట్ట సంగతి తెలిసిందే. దసరానాడు దాన్ని చూస్తే శుభమని, ఎగిరే పిట్టని వెతికే తీరిక లేదని, పట్టి బంధించి తెచ్చి చూపిస్తే డబ్బులిచ్చి దణ్ణం పెట్టినవాళ్లున్నారు. ఛత్తీస్‌గఢ్‌ది బస్తర్ కొండమైనా. మనిషి గొంతుని అచ్చంగా అనుకరిస్తుందని దాన్నీ పంజరంలో పెట్టారు. అది ఇన్నాళ్లూ మన మాటలు వింటూ కూడా మనల్ని తిట్టకపోవడం దాని సంస్కారం.

మార్చి 20 వస్తే మా ఫ్యాక్టరీలన్నిటికీ పిచ్చుకల మీద ప్రేమ పుట్టుకొస్తుంది. 2010 నుంచి ఆ రోజు ప్రపంచ పిచ్చుకల దినం. ఫ్లెక్సీ కడతారు. ఫ్లెక్సీలో పిచ్చుక మేనేజింగ్ డైరెక్టరు గారి చెవి కన్నా చిన్నగా ఉంటుంది. పిచ్చుకలు ఎందుకు పోయాయని ఉపన్యాసంలో అడిగి, సెల్ టవర్లని జవాబు కూడా వాళ్లే చెప్పుకుంటారు. 2018లో రజనీకాంత్ సినిమా వచ్చాక అది వేదవాక్కు అయిపోయింది. 2020లో దేశం మొత్తం మీద పక్షుల లెక్కలు తీసినవాళ్లు టవర్లే కారణమనడానికి గట్టి ఆధారం లేదన్నారు. దేశమంతా కలిపి చూస్తే పిచ్చుకలు ఒక మాదిరిగా నిలదొక్కుకునే ఉన్నాయనీ, హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గాయనీ చెప్పారు. కానీ టవరు మీద నెట్టేయడంలో ఉన్న సుఖమే వేరు. టవరు కంపెనీవాడిది, కిటికీ మనది.

దీపావళికి రాయ్‌పూర్ బజారులో వరికంకులతో అల్లిన కుచ్చులు అమ్ముతారు. చిరై చుగ్నీ అంటారు, పిట్టలు తినే తిండి అని అర్థం. కొత్త పంట ఇంటికి రాగానే మొదటి ముద్ద పిట్టకి పెట్టడం ఇక్కడి రైతు మర్యాద. మన గోదావరి, శ్రీకాకుళం ఇళ్ల చూరులకీ గుడి మండపాలకీ కట్టే కంకుల కుచ్చు కూడా ఇదే. చూస్తే కళ్లు చెమరుస్తాయి. ఇప్పుడు వాటిని ఎక్కడ కడుతున్నామో చూడండి. రిఫ్లెక్టివ్ అద్దం కిటికీకి ఎదురుగా, వరండా అవతల స్తంభానికి, ఫొటోలో బాగా పడుతుందని. సరిగ్గా పిట్ట తిని, ఉలిక్కిపడి, వేగం అందుకుని అద్దాన్ని గుద్దుకునేంత దూరంలో! అద్దానికి మూడడుగుల లోపు కడితే ఆ వేగం అందుకోలేదు, బతుకుతుంది. భోజనానికి పిలిచి విస్తరి దగ్గరే గొయ్యి తవ్వడం, భీముడికి అన్నంలో విషం పెట్టిన కౌరవుల వరస.

అందుచేత అధికారులకి నాదో విన్నపం. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకి ఖర్చు పెట్టాలి. ఉర్లా, సిల్తరా బట్టీలు రాత్రిపూట చల్లే మసిని ఇకమీదట కాలుష్యం అనకుండా ‘పక్షి రక్షణ పూత’ అని రాసుకుని, ఆ పద్దులో జమ చేసుకోనివ్వండి. ఇంటింటికీ, కిటికీ కిటికీకీ, కులమత భేదం లేకుండా, దరఖాస్తు కూడా అడక్కుండా అందుతున్న పథకం దేశంలో ఇదొక్కటే. షికాగో వాడు పది కోట్లు తగలేసి చేసుకున్న పనిని మా వాళ్లు పైసా తీసుకోకుండా చేస్తున్నారు. అద్దం తుడిచినవాళ్లకి జరిమానా వేయండి, కోలిన్ మీద ఆంక్షలు పెట్టండి. అద్దం దాకా రాకముందే ఆ మసి పీల్చి పిట్ట ఊపిరితిత్తులు ఏమవుతాయని అడక్కండి. మా పిల్లల ఊపిరితిత్తుల సంగతి అడిగినప్పుడు చెప్పిన జవాబే మళ్లీ చెప్పాల్సి వస్తుంది, అంటే ఏమీ చెప్పరు.

మా ఆవిడ ఈ విన్నపం విని, “మీరు రాసుకోండి” అని లేచి వెళ్లింది. బియ్యప్పిండి తడిపి, స్టూలు వేసుకుని, అద్దానికి బయటివైపు, మూడు వేళ్ల ఎడంతో చుక్కలు పెట్టింది. ఇరవై రెండు చుక్కలు, పద్దెనిమిది వరసలు. మొదటి వానకి అవి కారిపోతే తెల్ల ఎనామెల్ డబ్బా తెప్పించి మళ్లీ పెట్టింది, ఈసారి అగ్గిపుల్లతో. పెళ్లివారు వచ్చి ఆ చుక్కల్ని చూసి, మా అమ్మాయికి ముగ్గులు బాగా వచ్చని మెచ్చుకుని వెళ్లారు. అమ్మాయి నవ్వాపుకోలేక లోపలికి పోయింది. ఆ పిల్లకి ముగ్గు గిన్నె ఎక్కడుంటుందో కూడా తెలియదు.

చుక్కలు ఎందుకని వీధిలో ఆడవాళ్లు అడిగారు. “పిట్టలకండి” అంది మా ఆవిడ. ఎవరూ నమ్మలేదు. పిట్టల కోసం ఎవరైనా స్టూలు ఎక్కుతారా? ఇదేదో నోము, పెళ్లి కుదరడానికి పడుతోంది, బయటికి చెబితే ఫలం పోతుందని దాస్తోందని తేల్చారు. వారం తిరక్కుండా నాలుగు కిటికీలకి చుక్కలు పడ్డాయి. ఒకరు మధ్యలో పసుపు చుక్క చేర్చారు. ఒకరు నిమ్మకాయ, మిరపకాయలు కూడా కట్టారు. శాస్త్రం నలభై ఏళ్లుగా గొంతు చించుకుంటే కాని పని, ఒక పుకారు వారంలో చేసేసింది కదా అని నేను చాలా సంతోషపడి, సూపర్‌వైజరు గారింటికి చూడ్డానికి వెళ్లాను. ఆయన అందరికన్నా ఖరీదుగా, బంగారు రంగు స్టిక్కరు చుక్కలు తెప్పించారు. ఎంత చక్కగా అతికించారో! స్కేలు పెట్టి కొలిచినట్టు ఉన్నాయి. అన్నీ లోపలివైపు.

“బయట కదండీ పెట్టాలి” అన్నాను.

“బయటా?” అన్నారాయన, నన్ను పైనుంచి కిందికి చూసి. “అంత డబ్బు పోసి కొన్నానండీ. బయట పెడితే మసి పట్టి పాడైపోవూ?”